జమా ఖర్చులు – పడవ మూత ఖరీదెంత?



గత సంచికలో వానాకాలంలో ఇంటి తలుపులు బిగుసుకుపోవడం గురించి నాలుగు ముక్కలు రాశాను. అది చదివి కోర్టుపేట నుంచి ఒక మిత్రులు ఫోన్ చేసి, "బ్యాంకు వాళ్ళకి తాళాల సంగతి తెలుస్తుంది గానీ తలుపుల సంగతి కూడా తెలుసునన్నమాట!" అని వేళాకోళం చేశారు. ఆయనకి అప్పుడు చెప్పని మాట ఇప్పుడు మీ అందరికీ చెబుతాను. నాకు తలుపు విలువ నేర్పింది ఇల్లు కాదండీ, ఒక పడవ. ఆ పాఠానికి ఫీజు మాత్రం నేను కట్టలేదు, వేరొకరు కట్టారు. అందుకే ఇన్నాళ్ళూ ఈ శీర్షికలో ఆ సంగతి ఎత్తడానికి మనసొప్పలేదు.

పడవకి తలుపులేమిటని కొందరికి అనుమానం రావచ్చు. ఆదివారం సాయంత్రం పిల్లల్ని తీసుకుని గోపాలపూర్ వెళ్ళినప్పుడు, ఇసుక మీదకి లాగిపెట్టిన ఫైబరు పడవల్లోకి ఒకసారి తొంగి చూడండి. పడవని అడ్డగోడలతో అరలు అరలుగా విడదీసి ఉంటారు. ముందు అరలో తాళ్ళు, లంగరు. నడిమి అరలో మంచు, చేపలు. వెనక అరలో నూనె డబ్బాలు, పనిముట్లు, తాగే నీళ్ళు, బియ్యం, ప్రాణరక్షణ జాకెట్లు. ఒక్కొక్క అరకి పైన ఒక నోరు, ఆ నోటికి ఒక మూత. పారాదీప్ లోనో విశాఖలోనో కనబడే పెద్ద మరబోట్లలో అయితే గది ఉంటుంది, గదిలో బీరువాలు ఉంటాయి, వాటికి నిలువు తలుపులుంటాయి. పడుకున్నదాన్ని మూత అంటాం, నిలబడ్డదాన్ని తలుపు అంటాం. చేసే పని ఒక్కటే – లోపలి వస్తువుని లోపల, బయటి నీటిని బయట ఉంచడం.

మన తాతల కాలంలో ఈ బాధ లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో గోపాలపూర్ నుంచి రంగూన్ ఓడ ఎక్కాలంటే, దూరంగా ఆగిన ఓడ దాకా కెరటాల మీదుగా మసూలా పడవలో వెళ్ళాలి. ఆ పడవకి మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు విరగకుండా ఒళ్ళు వంచేది. దానికి అరలూ లేవు, మూతలూ లేవు. వచ్చిన నీళ్ళని చేత్తో తోడి పోయడమే. ఇక తెప్ప సంగతి చెప్పేదేముంది? నాలుగు దుంగలు కలిపి కట్టినది. నీరు పైనుంచి వచ్చి సందుల్లోంచి పోయేది. వేట తెల్లవారి మొదలై మధ్యాహ్నానికి ముగిసేది గనుక మంచుతో పని ఉండేది కాదు. ఇంజన్లు వచ్చాక దూరం పెరిగింది, రాత్రిళ్ళు సముద్రం మీదే గడపడం వచ్చింది, మంచు వచ్చింది, దాని వెనకే మూత వచ్చింది.

ఇక అసలు కథకి వస్తాను.

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటడం మన జిల్లాలో ఎవరూ మరిచిపోరు. లక్షలాది మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. పడవలు, వలలు మాత్రం దక్కలేదు. ఆ తర్వాతి నెలల్లో తీరానికి దగ్గరగా ఉన్న ఒక బ్రాంచిలో అప్పుల కాగితాలు చూసే బాధ్యత నాది. గోపాలపూర్‌కి దక్షిణాన ఒక పల్లె నుంచి ఒక పెద్దాయన, ఇద్దరు కొడుకులతో వచ్చాడు. మన నోలియా వాళ్ళే, ఇంట్లో తెలుగే. పడవ తుపానులో బోర్లాపడి పక్కలు పగిలాయి. బాగు చేసే ఫైబరు పనివాడు రాసిచ్చిన అంచనా కాగితం నా ముందు పెట్టాడు. పడవ పక్కలకి ఇంత, ఇంజనుకి ఇంత, వలలకి ఇంత, అన్నిటి కిందా చివరి వరుసలో – "అరలకి మూతలు, కొలత ప్రకారం, 5".

నేను బి.కాం. చదివినవాణ్ణి. పద్దులో పెద్ద అంకెలున్నచోట శ్రద్ధగా చూడమని, చిన్నవి "ఇతరములు" కింద సర్దమని నేర్చుకున్నవాణ్ణి. అంచనా మొత్తం నేను మంజూరు చేయగల పరిమితికి కొంచెం పైన ఉంది. పై ఆఫీసుకి పంపితే మరో నెల ఆలస్యం. కలం తీసి చివరి వరుస కొట్టేశాను. లెక్క గుండ్రంగా కుదిరింది.

"బావూ, మూతలు కొట్టేసినారేటి?" అన్నాడు పెద్దాయన.

"పడవ తిరగడానికి ఇంజను కావాలి, చేప పడడానికి వల కావాలి. మూతలు మీరే ఏ పాత పలకతోనో చేసుకోండి పెద్దాయనా" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, "అలాగే బావూ" అని వేలిముద్ర వేశాడు. అవసరం ఆయనది, కలం నాది. అప్పుడు నేను ఆయనకి మేలు చేశాననే అనుకున్నాను.

మూడు నెలలకి వాయిదా రాలేదు. తనిఖీ ఫారం చంకన పెట్టుకుని నేనే పల్లెకి వెళ్ళాను. పెద్దాయన ఇసుకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కోప్పడలేదు, ఏడవలేదు. పడవ దగ్గరికి తీసుకెళ్ళి నడిమి అర చూపించాడు. దాని నోటి మీద తుపానుకి కొట్టుకొచ్చిన ఒక పలక, ఆ పైన పాలిథీన్ సంచి, దాన్ని పట్టి ఉంచడానికి తాడు. పలకకీ నోటికీ మధ్య నా నాలుగు వేళ్ళూ దూరాయి.

జరిగింది ఇది. ఆ వేటకాలంలో వాళ్ళకి ఒక్కసారే నిండుగా చేప పడింది. అన్నీ కానాగంతలు. రాత్రంతా వేట, తెల్లారి తిరుగు ప్రయాణం, దారిలో ఎదురు కెరటాలు. ప్రతి కెరటానికీ సందులోంచి ఉప్పునీరు అరలోకి దిగింది, ఎండెక్కాక వేడిగాలి దిగింది. ఒడ్డు చేరేసరికి మంచు లేదు, గోరువెచ్చని నీళ్ళలో చేపలు తేలుతున్నాయి. కానాగంత నూనె చేప, వేడి తగిలితే గంటల్లో మెత్తబడిపోతుంది. ఐసు లారీ వాళ్ళు వాసన చూసి వెళ్ళిపోయారు. చివరికి ఎండబెట్టుకునే ఆడవాళ్ళు ఇచ్చినంతకి అమ్మేశారు. నేను కొట్టేసిన వరుసలోని మొత్తానికి ఆ ఒక్క రోజు నష్టం ఎన్నో రెట్లు.

అక్కడ నిలబడి నాకు తెలిసిన విద్యతోనే లెక్క వేసుకున్నాను. ఒక కిలో మంచు 0 డిగ్రీల దగ్గర కరుగుతూ 80 కిలో కేలరీల వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడి చేప ఒంట్లోది అయితే జమ. సందులోంచి వచ్చిన గాలిది, నీటిది అయితే ఖర్చు. మంచు కొన్న డబ్బు ఒకటే, మూత బాగుందా లేదా అన్నదాన్ని బట్టి అది ఏ పక్క రాయాలో తేలుతుంది. ఇది చాలదన్నట్టు, అరలోకి చేరిన నీరు పడవ ఊగినప్పుడల్లా ఒక పక్కకి పరుగెడుతుంది, ఆ పక్కకే పడవని ఇంకా వాలుస్తుంది. "చేప పోతే పోయింది బావూ, ఆ రోజు పడవ తిరగబడకపోవడం గంగమ్మ దయ" అన్నాడు పెద్దాయన. ఆ మాట విన్నాక తనిఖీ ఫారంలో ఏ గడి నింపాలో నాకు తోచలేదు.

తప్పు దిద్దుకుందామని బయల్దేరి ఇంకో తప్పు చేశాను. మూతలు నా సొంత ఖర్చుతో చేయిస్తానని చెప్పి, జేబులో టేపు తీసి, నడిమి అర నోరు నేనే కొలిచాను. పొడవు 30 అంగుళాలు, వెడల్పు 24. ఎదురు పక్కలు కూడా కొలిచాను, సరిపోయాయి. బరంపురం బడాబజారులో మాకు తెలిసిన మిస్త్రీకి ఆ కాగితం ఇచ్చాను. ఆయన ఒడియా ఆయన, తెలుగు మనలాగే మాట్లాడతాడు. "ఆజ్ఞా, అంకెలు వద్దు, నన్ను పడవ దగ్గరికి తీసుకెళ్ళండి" అన్నాడు. "నాలుగు పక్కలూ కొలిచాను కదా, చాలదా?" అన్నాను. చేసి ఇచ్చాడు. బస్సు టాపు మీద వేసుకెళ్ళి పడవ మీద పెడితే, ఒక మూల అంగుళం సందు, పక్క మూల గట్టు ఎక్కి కూర్చుంది.

నాలుగు పక్కలూ సరిపోయినంత మాత్రాన నోరు చదరంగా ఉన్నట్టు కాదు, చట్రం ఒక పక్కకి వాలి ఉండొచ్చు. ఎదురెదురు మూలల మధ్య అడ్డంగా రెండుసార్లు కొలవాలి. ఆ రెండు కర్ణాలూ సమానమైతేనే మూలలు సరిగా ఉన్నట్టు. తుపానులో బోర్లాపడి, తర్వాత అతుకులు వేసుకున్న పడవకి రెండు కర్ణాలూ సమానంగా ఉండడం అరుదు. చిన్నప్పుడు లెక్కల మాస్టారు చెప్పిందే, పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదే, అవసరమైన రోజున గుర్తు రాలేదు.

రెండోసారి మిస్త్రీని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన టేపు బయటికి తీయనే లేదు. ఫ్యాను వచ్చిన అట్టపెట్టె విప్పి, ఆ అట్టని అర నోటి మీద పరిచి, అంచు వెంబడి బొగ్గుతో గీసి, కత్తిరించాడు. మళ్ళీ పెట్టి చూసి, ఎక్కువైన చోట చెక్కాడు. ఏ పక్క పడవ ముక్కు వైపో, ఏది పై ముఖమో అట్ట మీదే గుర్తు రాశాడు. అయిదు అరలకి అయిదు అట్టలు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పెడితే ఏ రెండూ కలవలేదు. "పడవ కంపెనీలో పుట్టినప్పుడు అన్ని మూతలూ ఒకటే ఆజ్ఞా, పదేళ్ళు సముద్రంలో తిరిగాక దేని దారి దానిదే" అన్నాడు.

పాత మూత పోయి కొత్తది చేయించుకోవాల్సిన వాళ్ళెవరికైనా పనికొస్తుందని, ఆయన దగ్గరా ఆ పల్లె ఫైబరు పనివాళ్ళ దగ్గరా నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, సరుకు. మామూలు ప్లైవుడ్ ఉప్పునీటిలో పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. ఐ.ఎస్. 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ కొనాలి. దాని జిగురుని 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షిస్తారు. అదీ అంచులు వదిలేస్తే తాగేస్తుంది కాబట్టి కోసిన ప్రతి అంచుకీ రెజిన్ పట్టించాలి. టేకు అయితే దానిలోని నూనే దానికి రక్ష, ఖరీదే భారం. ఏ చెక్క అయినా నారకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు పెరగదు. అందుకని గాడిలో కూర్చునే చెక్క మూతకి చుట్టూ దాదాపు 3 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. లేకపోతే వానలో మీ ఇంటి తలుపు చేసిన పనే అదీ చేస్తుంది.

రెండోది, ఆకారం. పడవ పైకప్పు మీది మూత గాడిలో కూర్చోవడం కంటే, నోటి చుట్టూ గట్టు కట్టి, డబ్బా మూతలాగా ఆ గట్టు మీదుగా కిందికి దిగేటట్టు చేయడం మేలు. పైన పడిన నీరు జారి బయటికే పోతుంది. గట్టు మీద రబ్బరు పట్టీ వేస్తే గాలి కూడా ఆగుతుంది. మా పెద్దాయన పడవకి చివరికి ఇలాగే చేశారు. మిస్త్రీ అట్టల ప్రకారం చెక్కతో అచ్చులు చేశాడు. పల్లెలో ఫైబరు పనివాడు అచ్చుకి మైనం రుద్ది, గాజునార చాప పరిచి, రెజిన్ పూసి, పొర మీద పొర వేశాడు. మంచు అర మూతకి రెండు ఫైబరు పొరల మధ్య నురుగుపలక పెట్టాడు, వేడి దిగకుండా. గాలిలో తేమ ఎక్కువున్న రోజున ఈ పని పెట్టుకోకూడదట. రెజిన్ సరిగా గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది.

మూడోది, బందులు, మేకులు. నురుగుపలకలో మేకు నిలవదు. బందు వచ్చే చోట ముందే గట్టి చెక్కముక్క లోపల పెట్టించాలి. వేసిన ప్రతి రంధ్రానికీ రెజిన్ పోయాలి, లేకపోతే నీరు లోపలికి పాకి మూత బరువెక్కుతుంది. ఇనుప మేకు తుప్పుపట్టి ఉబ్బి చుట్టూ ఉన్నదాన్ని చీలుస్తుంది. ఇత్తడి చూడ్డానికి బాగుంటుంది గానీ సముద్రపు నీరు అందులోని జింకుని తినేసి గుల్ల చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా 304 కంటే 316 రకం ఉప్పుకి తట్టుకుంటుంది, అందులో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి. బందు ఎప్పుడూ పడవ ముక్కు వైపు ఉండాలి. ఎదురు వచ్చే గాలీ కెరటమూ అప్పుడు మూతని తెరవవు, ఇంకా నొక్కి మూస్తాయి. వీటన్నిటి పైన, మూతకి ఒక తాడు కట్టి పడవకి ముడివేయాలి. ఊడినా పోదు.

నాలుగోది, గదిలో బీరువా తలుపుల సంగతి. అక్కడ కెరటం భయం తక్కువ, బూజు భయం ఎక్కువ. తలుపుకి గాలి పోవడానికి చీలికలు పెట్టించాలి. పడవ వాలినప్పుడు తనంత తాను తెరుచుకోని గడియ ఉండాలి. పైకప్పు మూతకి గాలి తగలకూడదు, లోపలి తలుపుకి గాలి తగలాలి. రెంటినీ ఒకే మాదిరి చేయిస్తే రెండూ చెడతాయి.

అమెరికాలో విహారనౌకలున్న వాళ్ళు కొలత పంపితే తెల్లని పాలిథీన్ పలకని కోసి తలుపు చేసి పంపే దుకాణాలున్నాయి. ఆ పలక నీరు తాగదు, కుళ్ళదు, రంగు అడగదు, నీళ్ళలో పడితే తేలుతుంది. దానికి జిగురు అంటదు, మేకులే శరణ్యం. ఎండకి సాగుతుంది కాబట్టి దానికీ ఖాళీ వదలాలి. అక్కడైనా కొలత పంపేవాడు కర్ణాలు చూడకపోతే నాకు జరిగిందే జరుగుతుంది. సముద్రాలు వేరైనా లెక్క ఒకటే.

కొత్త మూతలు పడిన తర్వాతి వేటకాలంలో వాయిదాలు వాటంతట అవే వచ్చాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస, గోపాలపూర్‌ల మధ్య తీరం దాటింది. ముందురోజు పెద్దాయన పడవని ఊళ్ళోకి లాగించి, అయిదు మూతలూ ఊడదీసి ఇంటికి మోసుకెళ్ళాడని తర్వాత తెలిసింది. వెనక అరలో జాకెట్లూ, ఆపద సంకేతం పంపే యంత్రమూ ఎప్పుడూ పొడిగానే ఉంటున్నాయని పెద్దకొడుకు చెప్పాడు. ఇస్రో తయారుచేసిన ఆ యంత్రం ప్రాణం కాపాడాలంటే ముందు దాన్ని ఒక మంచి మూత కాపాడాలి.

అయితే ఈ పద్దు సరిగా ముగియలేదు. చేపలు చెడిపోయిన ఆ వేటకాలంలోనే పెద్దాయన చిన్నకొడుకు, చెన్నై వైపు మరబోట్లలో కూలికి వెళ్ళిపోయాడు. మన జిల్లా నుంచి సూరత్ కో, దక్షిణాదికో వెళ్ళే వేలమందిలో ఒకడు. మూతలుంటే వెళ్ళేవాడు కాడని నేను అనను, ఎలాగైనా వెళ్ళేవాడేమో. కానీ ఆ మాట పెద్దాయన అనలేదు, నేనే నాకు చెప్పుకుంటున్నాను. మరబోటు మీద ఎవరిదో వేట, ఎవరిదో వాటా. ఏడాదికోసారి గంగమ్మ పండక్కి వస్తాడు. తండ్రి పక్కన మూడో మనిషి చోటు కూలివాడిది అయింది. ఆ ఖర్చు ఏ పుస్తకంలో రాయాలో మా బ్యాంకులో గానీ, నేను చదివిన అకౌంటెన్సీలో గానీ లేదు.

ఇది జరిగాక నేను మంజూరు చేసిన ప్రతి పడవ అప్పులోనూ కాగితం చివర్నుంచి పైకి చదవడం అలవాటు చేసుకున్నాను. చివరి వరుసలో ఏముందో, అది ఎందుకుందో ముందు అడుగుతాను. అంచనా పరిమితి దాటితే పై ఆఫీసుకే పంపుతాను, నెల ఆలస్యమైనా సరే. కుర్ర ఆఫీసర్లకి కూడా అదే చెబుతాను. "ఇతరములు" అని మనం రాసేది, అవతలివాడికి ఇతరం కాదు.

పెద్దాయన అప్పు ఎప్పుడో తీరిపోయింది. పడవ కూడా ముసలిదై పోయింది, డొక్కు అమ్మేసి కొత్తది కొన్నారు. కొత్త పడవ అరలకి ఆ మూతలు సరిపోవు కదా, నాలుగు ఎవరో పట్టుకుపోయారు. మంచు అర మూత మాత్రం వాళ్ళ అరుగు మీద ఉంది. కిందటి పండక్కి వెళితే మనవరాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. తొంగి చూశాను. దీర్ఘచతురస్రం పాఠం.

"కర్ణాలు రెండూ కొలిచావా తల్లీ?" అని అడిగాను.

"కొలిచాను తాతా" అంది తల ఎత్తకుండానే.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. సెలవు.